వరుసలు వచ్చిన తరువాత

"మా అమ్మాయికి సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారములు మూడు కాలములలోను వచ్చినవి. గీతములు నాలుగు, వర్ణములు రెండు పాడును. కాని 'ఈ రాగములో నీ అంతట నీవు ఒక ఆవర్తనము స్వరము వేయుము' అని యెవరైన అడిగినచో నోరు మెదపదు. ఇన్నేండ్ల అభ్యాసము ఏమైనట్లు?" అని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. మేము తెలుగు చెప్పువారమే గాని సంగీత విద్వాంసులము కాము. అయినను పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో సాయంకాలములందు కొంత స్వరాభ్యాసము చేసియున్నాము. అంతకంటె ముఖ్యముగా, ఈ ప్రశ్న మా తెలుగు తరగతిలో ప్రతిదినము ఎదురగు ప్రశ్నయే. నూరు పద్యములు తడబడక అప్పగించు బాలుడు సొంతముగా నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో కలము కొరుకుచు కూర్చుండును. రెండు చోట్లను వ్యాధి యొకటే యని మా తలంపు. కావున మందు గూర్చి కొంత వివరముగా విచారింతము.

ముందుగా ఈ వరుసలు ఎక్కడివో తెలిసికొనుట మంచిది. అవి మనకు దూరపు సరకు కావు. మన సిరుగుప్ప తాలూకా పొలములకు నీరిచ్చు తుంగభద్రకు ఎగువనే హంపి కలదు. 2021లో బళ్ళారి జిల్లానుండి విడదీసిన విజయనగర జిల్లాలో అది నేడు చేరియున్నది. అచ్చట విఠలాలయమునకు చేరువగా, నది యొడ్డున, పురందరదాస మంటపమని యొక రాతి మంటపము నిలిచియున్నది. వరదలు వచ్చినపుడు నీట మునుగును, నీరు తీసిన పిమ్మట మరల కానవచ్చును. 15వ శతాబ్ది చివరను జన్మించి 1564లో పరమపదించెనని పరంపరగా చెప్పబడు పురందరదాసే నేడు దక్షిణదేశమంతటను బాలబాలికలు నేర్చుచున్న సరళి, జంట, అలంకారాది పాఠక్రమమును ఏర్పరచెనని సంగీతజ్ఞుల విశ్వాసము. ఆయన కర్ణాటక సంగీత పితామహుడను బిరుదు పొందుటకు ఇదియే ముఖ్య కారణము. మదరాసులోని పిల్లవాడును, విజయనగరములోని పిల్లవాడును మొట్టమొదట నోట పలుకునది మన యేటి యొడ్డున పుట్టిన పాఠమే.

ఈ పాఠములకు మాయామాళవగౌళ రాగమును ఎన్నుకొనుటలో గొప్ప యుక్తి కలదు. ఆ రాగములో షడ్జమునుండి రిషభమునకు చిన్న అడుగు, రిషభమునుండి గాంధారమునకు పెద్ద అడుగు, గాంధారమునుండి మధ్యమమునకు మరల చిన్న అడుగు. పంచమమునుండి పై షడ్జము వరకు గల నాలుగు స్వరములకును సరిగా ఇదే అమరిక. అనగా 'స రి గ మ' అను సగము చక్కగా పాడగలిగిన బాలుడు 'ప ద ని స' అను సగమును అదే కొలతతో పాడగలడు. చిన్న అడుగునకును పెద్ద అడుగునకును గల భేదము చెవికి మొదటి నెలలోనే పట్టుబడును.

సరళి వరుసలు మెట్టు వెంట మెట్టు ఎక్కుట నేర్పును. జంట వరుసలు ఒకే స్వరమును రెండుమారులు పలికించి, రెండవదానిపై ఒత్తిడి యిచ్చుట నేర్పును. గమకమునకు ఇచ్చటనే బీజము పడును. దాటు వరుసలు నడుమ మెట్టును వదలి దుముకుట నేర్పును. అలంకారములు ఏడు తాళముల చట్రములలో స్వరములను పొదుగుట నేర్పును. ఇదంతయు పిల్లలకు తెలిసినదే. తెలియనిది వేరొకటి కలదు. ప్రతి అలంకారములోను ఒక ఆకారము కలదు. ఆ ఆకారము ఒక్కొక్క మెట్టు పైకి జరుగును, పిదప అట్లే క్రిందికి దిగును. మొదటి వరుస వినినచో తక్కినవానిని ఎవ్వరును చెప్పకయే కట్టుకొనవచ్చును. కాని మన పిల్లలు పై నుండి క్రింది వరకు ఒక పద్యమువలె దానిని కంఠస్థము చేయుదురు. "రెండవ వరుస నీవే చెప్పుము" అని గురువు ఒక్కమారు అడిగినచో చాలును. ఆ నిమిషమున ఆ బాలుడు జ్ఞాపకమునుండి గాక బుద్ధినుండి పాడును. మనోధర్మ సంగీతమునకు అదియే తొలి మెట్టు. అది పది సంవత్సరముల పిమ్మట రావలసినది కాదు. అలంకారము పాడు నాడే రావలసినది.

హిందూస్తానీ పద్ధతిలో ఇట్టివానిని పల్టాలందురు. ఇచ్చిన పల్టా పాడుటయే గాక క్రొత్త పల్టాలు కట్టుకొని రమ్మని శిష్యులకు చెప్పుట అచ్చట వాడుక. మనకు దూరము కాని గదగులో పంచాక్షరి గవాయి గారు (1944లో స్వర్గస్థులైరి), వారి పిమ్మట పుట్టరాజ గవాయి గారు (1914-2010) వీరేశ్వర పుణ్యాశ్రమమున చూపులేని బాలురకు సంగీత విద్య కరపిరి. గురుశిష్యులిరువురును అంధులు, నోటు పుస్తకమును చూచి పాడు మాట అచ్చట లేదు. వినుట, పట్టుకొనుట, తిరిగి పలుకుట, ఇంతే విద్య. మన పిల్లల చేతులలో స్వర పుస్తకములు ఉన్నవి గనుక చెవికి పని తగ్గినదేమో యని మాకు అనుమానము.

ఇపుడు మాకు బాగుగా తెలిసిన సీమకు వత్తము. ఉత్పలమాలకు 'భ ర న భ భ ర వ' అను గణములనియు, పదవ యక్షరమున యతి యనియు మీరు తొమ్మిదవ తరగతిలోనే చదివితిరి. గణవిభజన చేసి నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్నవారు పెక్కురు కలరు. వారిలో ఒక పద్యము చెప్పినవారెందరు? అవధానియైనవాడు ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ కూర్చుండి, ఒకడు అక్షరము వెంట అక్షరమును నిషేధించుచుండగా, మరియొకడు గంటలు కొట్టుచుండగా, పద్యము నడిపించును. ఆ సమయమున భగణమేది, రగణమేది యని వ్రేళ్ళు మడచి లెక్కించునా? లేదు. గణములు ఆయన చెవిలో నడకగా మారిపోయినవి. అయితే కేవలము గణములే పద్యమును ఈయజాలవు. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు (1870-1950) ఊరూర సభలు చేసి ఆశువుగా పద్యములు గుప్పించిరనిన, దానికి వెనుక కావ్యములు, పురాణములు, వ్యాకరణము చదివిన చదువు కలదు. గణములు దారి చూపును. దారిలో నడచుటకు మాటలు వేరుగా కూడబెట్టుకొనవలెను.

సంగీతములో ఆ మాటల కొట్టు ఏది? గీతము, స్వరజతి, వర్ణము, కృతి. ఇవి సభలో పాడి మెప్పు పొందుటకే యని తలిదండ్రులనుకొందురు. నిజమునకు ఒక్కొక్క వర్ణమును ఆ రాగమునకు నిఘంటువు వంటిది. రాగము ఎచ్చట ఆగును, ఏ స్వరమును ఊపును, ఏ స్వరమును తాకియు తాకనట్లు పోవును, ఏ మూలనుండి పై స్థాయికి ఎక్కును అను సంగతులన్నియు వర్ణకర్త అందులో దాచియుంచును. పురందరదాసు మలహరిలో కూర్చిన పిళ్ళారి గీతములు మొదలు ఇదే పద్ధతి. మలహరి మాయామాళవగౌళకే జన్యము, కాని ఆరోహణములో గాంధారము లేదు, నిషాదము ఎచ్చటను లేదు. వరుసలు నేర్చిన బాలునికి ఉన్న స్వరములలో కొన్ని తీసివేసి, "ఇపుడు నడువుము" అనినట్లు.

ఇచ్చట ఒక గ్రంథమును గూర్చి చెప్పక తప్పదు. సుబ్బరామ దీక్షితులు గారు (1839-1906) 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' యను మహాగ్రంథమును 1904లో ఎట్టయపురమున అచ్చువేయించిరి. ఎట్టయపురము తమిళ దేశమున దక్షిణపు కొనలో నున్న సంస్థానము. గ్రంథము మాత్రము తెలుగు లిపిలో, తెలుగు భాషలో వెలువడినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు అది పుట్టినిల్లు. మన ప్రస్తుత విషయమునకు కావలసినదేమనగా, అందు అనేక రాగములకు లక్షణము చెప్పి, గీతము, తానము, కృతి యిచ్చి, చివర సంచారి యని యొక స్వర రచన చేర్చిరి. ఆ సంచారి సాహిత్యము లేని రాగ వ్యాఖ్యానము. "ఈ రాగములో ఇట్లు తిరుగవచ్చును" అని పెద్దవాడు చేయి పట్టుకొని వీధులు చూపినట్లుండును. సొంతముగా తిరుగవలెనన్న బాలునికి అంతకంటె ఏమి కావలెను?

స్వరక్రమము మాత్రమే వచ్చినచో రాగము వచ్చినట్లే యను భ్రమను పోగొట్టుటకు ఒక యుదాహరణము చాలును. ఆరభి, దేవగాంధారి రాగములకు ఆరోహణావరోహణములు ఒకటే. కాగితముపై చూచినచో భేదము కానరాదు. పాడినచో పసివాడు కూడ వేరని చెప్పును. ఆరభి చురుకుగా నిటారుగా నడచును. దేవగాంధారి నిదానముగా, గమకములతో ఊగుచు నడచును. హిందూస్తానీలో భూప్, దేశ్‌కార్ అట్టివే: స్వరములు ఐదును సమానము, కాని ఒకదానికి గాంధారము ప్రాణము, రెండవదానికి ధైవతము ప్రాణము. మన హచ్చొళ్ళిలో తెలుగును కన్నడమును రెండును పలుకు ఇండ్లు కలవు. రెండింటికి వర్ణమాల దాదాపు ఒకటే గదా! వర్ణమాల వచ్చినవానికి రెండు భాషలును వచ్చినట్లు ఎవరైన అందురా?

ఇక పాఠము. విద్యార్థులారా, మోహన రాగమును తీసికొనుడు. షడ్జము, చతుశ్శ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము, ఈ ఐదే స్వరములు; వంకరలు లేవు. తాళము ఆది, అనగా నాలుగక్షరముల లఘువు, రెండేసి యక్షరముల ద్రుతములు రెండు, మొత్తము 8. పాడుటకు ఒక పల్లవి కావలెను గనుక ఈ పాఠమునకై మేమే యొక మాట కట్టితిమి: "తరగల తుంగా, తల్లీ రావే". అక్షరమునకు రెండు మాత్రల చొప్పున లఘువులో 'తరగల తుంగా', మొదటి ద్రుతములో 'తల్లీ', రెండవదానిలో 'రావే' చక్కగా కుదురును. దీని ఎత్తుగడ తాళము మొదటి దెబ్బపై, గాంధారముతో అనుకొనుడు. పది పదిహేను మారులు పాడి స్థిరపరచుకొనుడు.

కల్పన స్వరమునకు నియమము ఒకటే: నీవు ఎచ్చట తిరిగినను, సరిగా పల్లవి ఎత్తుగడ వేళకు గాంధారపు గుమ్మము ముందు నిలువవలెను. గుమ్మమునకు చేరువనున్న స్వరములు రెండు, క్రింద రిషభము, పైన పంచమము. కావున చివరి స్వరము రిషభముగాని పంచమముగాని యైనచో పల్లవిలోనికి జారుట సుఖము. చూడుడు:

గ ప ద ప | గ రి | స రి – తరగల తుంగా...

చాలమంది గురువులు మొదటినుండి కట్టుమందురు. చివరినుండి కట్టుట సులభమని మా అభిప్రాయము. మొదటి దినమున పై వరుసలో ఆరు స్వరములు గురువు పాడవలెను. చివరి రెండు మాత్రము శిష్యుడు చేర్చవలెను. 'స రి' అనవచ్చును, 'గ రి' అనవచ్చును, 'గ ప' అనవచ్చును. మూడింటిలో ఏది యనినను పల్లవి అందును. ఎంత చిన్నదైనను ఒక ఎన్నిక చేయు స్వాతంత్ర్యము దొరకినది, తప్పిపోవు భయము లేదు. రెండవ వారమున చివరి నాలుగు స్వరములు శిష్యునివి. నాలుగవ వారమునకు ఎనిమిదియు ఆతనివే. "నీ మనసుకు తోచినది పాడుము" అని మొదటి దినముననే ఎనిమిది యక్షరముల ఖాళీ చూపించినచో ఏ బాలుడైనను బెదరును. ఖాళీ స్థలము స్వాతంత్ర్యము కాదు.

మరియొకటి: 'ద ప ద స | ద ప | గ రి'. ఇందు షడ్జము పై స్థాయిది. పైకి పోయి వచ్చినది గనుక వినుటకు నిండుగా నుండును. ఇపుడు 'గ ప ద ప | గ రి | స స రి' అని యొకడు పాడెననుకొనుడు. స్వరములన్నియు మోహనమే, కాని తొమ్మిది. తాళము ఒక అక్షరము ముందుకు పోయినది. పల్లవి ఆలస్యముగా ఎక్కును. ఇది లెక్క తప్పు. వేరొకడు దిగునపుడు నిషాదము, మధ్యమము తాకించును. ఇది రాగము తప్పు. మోహనము ఎక్కి బిలహరి దిగినట్లగును, ఏలనన బిలహరికి ఆరోహణము మోహనమే, అవరోహణము సంపూర్ణము. మూడవవాడు ఏ తప్పును చేయడు, కాని ప్రతిమారు అదే వరుస పాడును. గురువు ఈ మువ్వురను ఒకే విధముగా గద్దింపరాదు. మొదటివాని చేత తాళము వేయించుచు సరళి మరల పాడింపవలెను. రెండవవానికి మోహన వర్ణము మరల చెప్పవలెను. మూడవవానికి కావలసినది వినికిడి.

ఎనిమిది అలవాటైన పిమ్మట రెండవ కాలము, అనగా ఆవర్తనమునకు 16 స్వరములు. లెక్కలు బాగుగా వచ్చిన పిల్లలకు ఇచ్చట పండుగ. పదునారును నాలుగు నాలుగులుగా విరుచుట అందరు చేయుదురు. మూడేసిగా విరిచి చూడుడు: మూడు నాలుగులు 12, మిగిలినవి 4.

గ రి స, ప గ రి, ద ప గ, స ద ప, గ ప గ రి – తరగల తుంగా...

ఇందు మొదటి నాలుగు తునకలకు ఆకారము ఒకటే: మూడు మెట్లు దిగుట. ఆ ఆకారము ఒక్కొక్క మెట్టు పైకి జరిగినది. ఇది యేమి? మీరు చిన్ననాడు పాడిన అలంకారపు పద్ధతియే గదా! చేయి తాళమును నాలుగేసిగా కొట్టుచుండ నోరు మూడేసిగా నడచుటవలన శ్రోతకు చిన్న చిక్కు తోచును. చివరి 'గ ప గ రి'తో చిక్కు విడిపోవును. అట్లే ముగింపునకు ఒకే తునకను మూడుమారులు పలుకుట సంప్రదాయము. నాలుగు స్వరముల తునక మూడుమారులు 12. ముందు నింపవలసినది 4:

గ ప ద ప, ద ప గ రి, ద ప గ రి, ద ప గ రి – తరగల తుంగా...

ఐదు స్వరముల తునకయైనచో 15 గనుక ముందు ఒక్క అక్షరము విరామమిచ్చి ఎత్తుకొనవలెను. ఇంటివద్ద కాగితము మీద ఇట్టి లెక్కలు ఎన్నియైనను వేసికొనుడు. కాని కాగితమున వ్రాసినదానిని కంఠస్థము చేసి సభలో కల్పనవలె నటించుట మాకు సమ్మతము కాదు. వార్షికోత్సవములలో ఇది తరచు జరుగుచుండును, తలిదండ్రులు మురియుదురు. వ్రాసికొనుట ఆలోచన సాగుటకు మాత్రమే ఉపయోగపడవలెను.

స్వర కల్పన తరువాత నెరవు. ఇచ్చట మన తెలుగు మాధ్యమ విద్యార్థులకు ఇతరులకు లేని యొక భాగ్యము కలదు. నెరవులో స్వరములకు బదులు పల్లవి మాటలనే తీసికొని, తాళములో వాని స్థానము చెదరకుండ, రాగమును క్రొత్తగా పరచుదురు. మాట అర్థము తెలియనివాడు ఊపిరి ఆడని చోట విరుచును. మా పల్లవినే చూడుడు: 'తరగ – లతుం – గాతల్ – లీరావే' అని విరిచినచో తరంగములును పోయినవి, తుంగయు పోయినది, తల్లియు పోయినది. తెలుగు వచ్చిన పిల్ల కలలోనైనను అట్లు విరువదు. 'తల్లీ' యను పిలుపు దగ్గర స్వరమును కొంచెము నిలుపవలెనని ఆమెకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. త్యాగరాజస్వామి (1767-1847) తిరువయ్యారున, శ్యామశాస్త్రి (1762-1827) తంజావూరున నుండి తమిళుల నడుమ తెలుగున కృతులు రచించిరి. తమిళులు, కన్నడిగులు, మలయాళులు ఆ మాటలను శ్రద్ధతో నేర్చి, అర్థము అడిగి తెలిసికొని పాడుచున్నారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకును, బళ్ళారి, సిరుగుప్ప మొదలగునవి మైసూరునకును పోగా, మన ఊళ్ళలో తెలుగు ఇంటిభాషగా, అల్పసంఖ్యాకుల భాషగా మిగిలినది. "ఈ తెలుగు చదువువలన ఏమి ప్రయోజనము?" అని అడుగు తలిదండ్రులకు ఉద్యోగముల లెక్క చెప్పుట మా వశము కాదు. ఒక్క సంగతి చెప్పగలము: ఇతరులు నిఘంటువు చూచి తెలిసికొను మాటలను మీ పిల్లలు తల్లి ఒడిలోనే నేర్చినారు; పురందరదాసు కన్నడ గీతములను సంతలో విన్న భాషలోనే గ్రహింపగలరు. ఈ సంగీతమునకు కావలసిన రెండు భాషలును ఇంట నున్న ప్రాంతములు ఎన్నియో లేవు.

ఆలాపన మాట క్లుప్తముగా చెప్పెదము, ఏలనన అది వ్రాతకు లొంగదు. అచ్చట తాళము లేదు, మాట లేదు. ఆధారము శ్రుతి యొక్కటే. వేంకటమఖి తన 'చతుర్దండీ ప్రకాశిక'లో సంగీతమును నిలుపు నాలుగు దండములుగా గీతము, ఠాయము, ప్రబంధములతోపాటు ఆలాపమును చెప్పెను. అనగా అది పాటకు ముందు వేయు అలంకారపు తోరణము కాదు, ఇంటి కంబములలో నొకటి. మొదట ఒకే స్వరము చుట్టు తిరుగుట నేర్వవలెను. మోహనములో గాంధారమును పట్టుకొని, రిషభమును పంచమమును మాత్రమే ముట్టుచు, ఒక నిమిషము పాడి చూడుడు. విసుగు పుట్టకుండ ఒక నిమిషము గడచినచో ఆలాపన ఆరంభమైనట్లే.

హార్మోనియమును గూర్చి ఒక హెచ్చరిక. మన భజన మందిరములలోను పద్య నాటకములలోను దానికే పెద్దపీట. వరుసలు నేర్చుటకు అది మంచి తోడు. మెట్లు స్పష్టముగా వినబడును. కాని మెట్టునకును మెట్టునకును నడుమ నున్న జారుబాట దానిలో లేదు. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించి 1971 వరకు ఆ నిషేధము పాటించుటకు ఇట్టి లోపములే కారణముగా చెప్పిరి. గమకము మెడనుండి రావలెను గాని మెట్లనుండి రాదు. వాయించి పాడుట కంటె, పాడి వాయించుట మేలు. నాటకముల ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక మాట. ధర్మవరము కృష్ణమాచార్యులు గారు (1853-1912) నాటకసభ పెట్టి ఆడించిన బళ్ళారి మనది. అదే బళ్ళారిలో న్యాయవాదిగా నుండి నటుడై వెలసిన రాఘవ (1880-1946) సందర్భమును మరచి రాగములు సాగదీయుటను హర్షింపలేదు. మనోధర్మమనగా పొడవు కాదు. ఎచ్చట ఆగవలెనో తెలియుట అందు సగము.

ఈ క్రమము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో నీగ్రోజాతివారని నాడు పిలువబడిన నల్లజాతి ప్రజలు పెంచిన జాజ్ సంగీతమున వాద్యకాడు తన వంతు వచ్చినపుడు అప్పటికప్పుడు కల్పించి వాయించును. చార్లీ పార్కర్ అను పదునారేండ్ల శాక్సఫోను బాలుడు 1937 వేసవిలో లెస్టర్ యంగ్ గ్రామఫోను రికార్డులను దగ్గర పెట్టుకొని, ఆయన కల్పనలను స్వరము వెంట స్వరముగా నేర్చెను. పిమ్మట పార్కర్ వాయించినది లెస్టర్ యంగ్ వలె లేదు, ఎవ్వరివలెను లేదు. 1959లో మైల్స్ డేవిస్ బృందము వెలువరించిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అను రికార్డులో వాద్యకారులకు ముందుగా ఇచ్చినది చాలవరకు స్వరక్రమముల చిన్న చీటీలే యందురు. కాని ఆ చీటీ చూచి వాయించినవారు అప్పటికి ఎన్నో యేండ్లు ఎందరినో వినినవారు. వరుస, వినికిడి, అనుకరణము, పిమ్మట కల్పన: సముద్రమునకు అవ్వలను ఇదే దారి.

కావున తలిదండ్రులకు మా మనవి. పిల్ల అభ్యాసము చేయు ముప్పది నిమిషములలో ఇరువది వరుసలకును వర్ణమునకును ఇండు. ఐదు నిమిషములు సొంత స్వరములకు విడువుడు. ఆ ఐదు నిమిషములు తలుపు ఓరగా వేసి మీ పనిలో నుండుడు. ఇరుగుపొరుగును పిలిచి వినిపింపకుడు. అపస్వరము వచ్చినచో నవ్వకుడు, అన్నదమ్ములను నవ్వనీయకుడు. మిగిలిన ఐదు నిమిషములు మంచి విద్వాంసుని పాట వినిపింపుడు. నేడు ప్రతి ఇంటను చేతిలో ఇమిడిపోవు ఫోనులోనే ద్వారం వేంకటస్వామి నాయుడు గారి (1893-1964) ఫిడేలు మొదలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి (1930-2016) గానము వరకు దొరకుచున్నది. పూర్వము ఒక కచేరి వినుటకు బండి కట్టి ఆదవానికో బళ్ళారికో పోవలసి యుండెను. అయితే ఒక దినమున పది పాటలు మార్చి మార్చి వినుట వలన చెవికి ఏమియు నిలువదు. ఒకే మోహన రాగాలాపనను వారము దినములు వినవలెను. సంగీత పరీక్షలకు పోవు పిల్లలకును ఇది నష్టము కాదు. పై అంతస్తుల పరీక్షలలో రాగము, కల్పన స్వరము అడుగుదురు గదా.

ఇక విద్యార్థులకు పని. సమస్యాపూరణమునకు అవధానికి ఒక పాదమిచ్చి తక్కిన పాదములు పూరింపుమందురు. అట్లే మేము క్రింద మూడు ఆవర్తనములకు కొంత కొంత మాత్రము ఇచ్చుచున్నాము. రాగము మోహనము, తాళము ఆది, మొదటి కాలము. ఖాళీలను మీరే పూరించి, ప్రతిమారు "తరగల తుంగా, తల్లీ రావే" అను పల్లవిని గాంధారముతో అందుకొనవలెను. వ్రాసి తేనక్కరలేదు, వచ్చు శనివారము కడపటి గంటలో తాళము వేయుచు పాడి వినిపింపుడు. ఒక్కొక్కదానికి ఇద్దరు ఒకే విధముగా పూరించినచో ఇద్దరును మరల పూరింపవలెను.

గ గ ప ప | ద ప | – –

స రి గ ప | – – | – –

ప – – – | – – | – రి